ముసలితనమే అనుకున్న ఇరవై రెండు రోజులు

నాలో ఏదో తేడా వచ్చిందని మొదటిసారి తెలిసింది ఒక సోమవారం పొద్దున, చాయ్ వేళకు. మా దగ్గర చాయ్ తాగే ముందు ప్రతి ఒక్కరూ హాల్లో బల్ల మీదున్న రిజిస్టర్లో సంతకం పెట్టాలి. అందరం లేచాం, అందరం బాగున్నాం అని తెలియడానికి పెట్టుకున్న పద్ధతి అది. నేను పెన్ను తీసుకుని నా పేరు రాశాను. భూలక్ష్మి. రాసి చూసుకుంటే అక్కడ ‘బలమ’ అని ఉంది. దీర్ఘం లేదు, వత్తు లేదు, గుడి లేదు. ఉన్న మూడక్షరాలు కూడా గీత కిందికి జారి పక్కవాళ్ల వరుసలో పడ్డాయి.

కొట్టేసి మళ్లీ రాశాను. రెండోసారీ అంతే. ఎలా రాయాలో నాకు తెలుసు, చెయ్యి మాత్రం రాయడం లేదు. వెనక నిలబడ్డవాళ్లు తొందర పెడుతుంటే పెన్ను సరిగ్గా పడడం లేదని చెప్పి, ఒక గీత గీసి పక్కకు వచ్చేశాను. అది నేను ఆడిన మొదటి అబద్ధం. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు ఆడుతూనే ఉన్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది సిరిసిల్ల, నేత కుటుంబం. పెళ్లయిన మూడేళ్లకు ఊళ్లో పని పడిపోయి, నేనూ మా ఆయనా బొంబాయి దగ్గరి భీవండి వెళ్లాం. ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేను నూలు కండెలు చుట్టే దగ్గర, ఇరవై ఆరేళ్లు పనిచేశాం. నేను పదో తరగతి చదివాను. మేముండే చాల్‌లో, ఆ వరుస గదుల ఇళ్లలో, చదువొచ్చిన ఆడది నేనొక్కదాన్నే కాబట్టి అందరి ఉత్తరాలూ నేనే రాసేదాన్ని. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి పిల్ల పుట్టినా నాకే ముందు తెలిసేది. ఫోన్లు వచ్చాక ఉత్తరాలు ఆగిపోయాయి గాని, రేషన్ కార్డు కాగితాలు, బ్యాంకు కాగితాలు నా దగ్గరికే వచ్చేవి. అలాంటిదాన్ని నా పేరు నేను రాసుకోలేకపోయాను.

మా ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో భీవండిలోనే పోయాడు. నేను కోరుట్లలో ఉన్న మా బిడ్డ సుజాత దగ్గరికి వచ్చాను. అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. సుజాత రెండు గదుల ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ, మంచంలో ఉన్న అత్తకు సేవ చేసుకుంటూ ఉంటుంది. ఆ ఇంట్లో నాకు చోటు పెట్టమని అడగడానికి మనసొప్పలేదు. జగిత్యాల నుంచి కోరుట్ల వెళ్లే తొవ్వలో పెద్దవాళ్ల కోసం గదులు కట్టారని తెలిసి, నేనే వెళ్లి చూసి, నేనే చేరాను. బయటివాళ్లు దాన్ని వృద్ధాశ్రమం అంటారు. ఆ మాట మాకు నచ్చదు. మేం కాలనీ అంటాం.

రెండు వరుసల్లో ఇరవై రెండు గదులు. ఒక్కొక్కరికి ఒక గది, ముందు చిన్న అరుగు. వంటా భోజనం అందరికీ ఒకచోటే. మాలో చాలామంది బతుకంతా బయటి ఊళ్లలో గడిపినవాళ్లే. భీవండి, షోలాపూర్, సూరత్ నుంచి వచ్చినవాళ్లున్నారు, దుబాయ్‌లో ఇటుకలు మోసినవాళ్లున్నారు. తిరిగొచ్చేసరికి సొంతిల్లు ఉన్నవాళ్లు తక్కువ. నీళ్ల దగ్గర కొట్లాట వస్తే మావాళ్లు ఇప్పటికీ హిందీలోనే తిట్టుకుంటారు. పొద్దున నడక, పదింటికి కూరగాయలు తరగడం, గురువారం బీపీ చూడడం, సాయంత్రం అరుగుల మీద ముచ్చట్లు. నా జీవితంలో తలుపు వేసుకుంటే పూర్తిగా నాదైన గది నాకు దొరికింది అక్కడే.

చేరేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. తన పని తాను చేసుకోగలిగినంత కాలమే ఉండాలి, మతి తప్పితే ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోవాలి అని అందులో ఉంది. అప్పుడు నవ్వుతూ పెట్టాను. నేను చేరిన ఆరు నెలలకు, మా వరుసలో ఉండే నర్సయ్య సారు, రిటైరైన బడిపంతులు, తన గదనుకుని వేరేవాళ్ల గదుల్లోకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకరోజు స్నానం చేసి బట్టల్లేకుండా హాల్లోకి వచ్చాడు. మూడో రోజు ఆయన తమ్ముడు కారు తెచ్చి ఎక్కించుకుపోయాడు. కారు ఎక్కేటప్పుడు సారు అందరికీ దండం పెట్టి, బడికి వేళవుతోందని చెప్పాడు. సాయంత్రానికి ఆయన గది కడిగేశారు. మరునాడు అందులో వేరేవాళ్లు దిగారు.

సంతకం తప్పిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ కడిగిన గదే. తడి ఆరకముందే అక్కడ పరిచిన కొత్త చాప కళ్ల ముందు మెదిలింది.

రెండో రోజు నుంచి తలనొప్పి. లేవగానే ఎడమవైపు బరువుగా, లోపల ఏదో ఉబ్బినట్టు ఉండేది. అమృతాంజనం రాసుకుని గుడ్డ కట్టుకునేదాన్ని. చల్లగాలి తగిలిందని చెప్పేదాన్ని. ఐదారు రోజుల తర్వాత కుడికాలి చెప్పు ఊడిపోవడం మొదలైంది. నడుస్తుంటే చెప్పు ఎక్కడో వెనక ఉండిపోయేది. నాకు తెలిసేది కాదు. ఎవరో పిలిచి చెబితే వెనక్కి వెళ్లి వేసుకునేదాన్ని. వార్లు వదులయ్యాయని చెప్పి చెప్పులే మానేశాను.

అన్నిటికంటే భయపెట్టింది మాటలు పోవడం. కూరగాయలు తరిగే దగ్గర చేతిలో బెండకాయ పట్టుకుని దాని పేరు కోసం వెతుక్కునేదాన్ని. అదేంటో తెలుసు, ఎలా వండాలో తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు. దాంతో మాట్లాడడం తగ్గించేశాను. అందరూ నవ్వినప్పుడు నవ్వేదాన్ని. ఏదైనా అడిగితే తల ఊపేదాన్ని. కాగితం నింపమని ఎవరైనా వస్తే కళ్లజోడు మారాలని సాకు చెప్పేదాన్ని.

పొద్దున అందరికంటే ముందు లేచి, మంచం మీద కూర్చుని నన్ను నేనే పరీక్ష చేసుకునేదాన్ని. భీవండిలో మా చాల్‌లో పద్దెనిమిది ఇళ్లుండేవి. మొదటి ఇంటి నుంచి చివరి దాకా ఆ ఇంటివాళ్ల పేర్లు వరుసగా చెప్పుకునేదాన్ని. మొదటి రోజు పదహారు వచ్చాయి. వారం తిరిగేసరికి తొమ్మిది. ఒకరోజు నాలుగో ఇంటి దగ్గర ఆగిపోయాను. అది మేముండే ఇల్లు. మా ఆయన పేరు రాలేదు. ఆయన ముఖం కనిపిస్తోంది, బీడీ వాసన గుర్తుంది, పేరు లేదు. గోడకున్న ఫొటో కింద పేరుంటే చదివి తెలుసుకున్నాను. ఆ రోజు గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాను, పక్క గదికి వినబడకూడదని.

ఇది జబ్బు అని నాకు తోచలేదు. ముసలితనం వచ్చింది, నర్సయ్య సారుకు వచ్చిందే నాకూ వచ్చింది అనుకున్నాను. దానికి మందు లేదని కూడా అనుకున్నాను. మందు లేనిదాన్ని బయటపెట్టి ఏం లాభం? ఎన్ని రోజులు దాచగలిగితే అన్ని రోజులు నా గది నాది. నా ఆలోచన అంతవరకే సాగింది.

పద్దెనిమిదో రోజు, గురువారం, బీపీ చూడడానికి వచ్చే డాక్టరు ముందు దొరికిపోయాను. ఈ రోజు ఏ వారం అని ఆయన మామూలుగా అడిగాడు. నాకు తెలుసు. చెప్పబోతే ‘గుమ్మడి’ అని వచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, నెల ఏదో, ఊరేదో, వందలోంచి ఏడు తీస్తే ఎంతో అడిగాడు. నేను అన్నిటికీ తల ఊపాను.

ఆయన మంచివాడే. నా ముందే మా సూపర్‌వైజర్ మేడంతో మెల్లగా చెప్పాడు. “ఏజ్ రిలేటెడ్ అనిపిస్తుంది. డిమెన్షియా స్టార్టింగ్ కావచ్చు. ఇంటివాళ్లకు చెప్పండి.” ఎక్కడైనా పడ్డారా అని కూడా నన్ను అడిగాడు. లేదని తల ఊపాను. పడలేదు కూడా.

మేడం ఆ సాయంత్రమే సుజాతకు ఫోన్ చేసింది. మరునాడు సుజాత వచ్చింది. నా మంచం మీద పక్కనే కూర్చుని, నా కుడిచెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. చెయ్యి చల్లగా ఉందంది. నేను మాట్లాడడం లేదు. తప్పు మాట వస్తుందని భయం.

“అవ్వా, నాకెందుకు చెప్పలే?” అంది. “పోదాం పా. మా అత్త మంచం గోడకు జరుపుత. నువ్వు పక్కన పండుకుందువు.”

నేను వద్దని తల ఊపాను. అప్పటికే ఒక మనిషికి తినిపించి, కడిగి, పక్క మార్చి బిడ్డ నడుం వంగిపోయి ఉంది. నన్నూ అలాగే కడగాల్సిన రోజు వస్తుందని, అప్పటికి ఈమె ఎవరో నాకు తెలియదని తలుచుకుని ఆమె ఒళ్లోంచి చెయ్యి లాక్కున్నాను. ఆదివారం దాటితే వచ్చే మంగళవారం తీసుకుపోవాలని మేడం, సుజాత మాట్లాడుకున్నారు. నాకు మిగిలింది నాలుగు రోజులు.

నా పక్క గదిలో పోచవ్వ అక్క ఉంటుంది. ఆమెది బీర్పూర్. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. వాళ్లాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన పోయాక సూరత్‌లో ఇళ్లలో అంట్లు తోమి పిల్లలను పెంచింది. ఆమెకు చదువు రాదు. ఆమె మందుల చీటీలు నేనే చదివిపెట్టేదాన్ని. ఈ ఇరవై రోజుల్లో ఆమెను కూడా తప్పించుకు తిరిగాను.

మంగళవారం పొద్దున సుజాత వచ్చి నా బట్టలు సంచిలో సర్దుతోంది. పోచవ్వ అక్క గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. లేచి బాత్రూం దాకా వెళ్లి రమ్మంది. నేను వెళ్లి వచ్చాను. మళ్లీ వెళ్లమంది. సుజాత విసుక్కుంది. అక్క పట్టించుకోకుండా నా దగ్గరికి వచ్చి, రెండు చేతులూ ముందుకు చాపమంది. చాపాను. కుడిచెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది.

“గిది మతిమరుపు గాదు బిడ్డా,” అంది సుజాతతో. “కుడికాలు గుంజుతాంది. కుడిచెయ్యి నిలుస్తలేదు. మా ఆయనకు గిట్లనే అయింది.”

అప్పుడు చెప్పింది. అంతకుముందు వాళ్లాయన చెట్టు మీది నుంచి పడి పోయాడని మాత్రమే మాకు తెలుసు. అసలు జరిగింది వేరు. ఆయన పడ్డ రోజు ఏమీ కాలేదు. లేచి, దుమ్ము దులుపుకుని, నడిచి ఇంటికి వచ్చాడు.

“నెల రోజులు మంచిగనే ఉన్నడు. మల్ల చెట్లెక్కిండు గూడ. అటెన్క నెత్తినొప్పి అన్నడు. మాట తప్పిండు. నన్ను అవ్వ అని పిలిచిండు. తాగుడెక్కువైందని మావోళ్లు తిట్టిరి. నేను గూడ తిట్టిన. ఒకనాడు పండుకున్నోడు లేవలే. నెత్తిల నెత్తురు గడ్డకట్టిందని అయిపోయినంక చెప్పిండ్రు.”

సుజాత, మా అవ్వ చెట్టెక్కలేదు, పడలేదు కదా పెద్దవ్వా అంది. పోచవ్వ అక్క నా నెత్తి తడిమి చూసింది. సిరిసిల్లలో మీ తమ్ముడి మనవడి పుట్టువెంట్రుకలకు పోయి వచ్చిన రోజు నెత్తి మీద బొప్పితో వచ్చావు కదా అని నన్ను అడిగింది. ఆటో దిగేటప్పుడు పై ఇనుప కడ్డీకి తల కొట్టుకుంది. పడలేదు. చిన్న బొప్పి. అక్కే కొబ్బరినూనె రాసింది. అది జరిగి నెలన్నర దాటింది. అక్క చెప్పేదాకా నాకు పూర్తిగా మరుపే.

పైగా నేను మూడేళ్ల నుంచి గుండె కోసం రక్తం పలచబడే గోలీ వేసుకుంటున్నాను. ఆ గోలీ వల్ల చిన్న దెబ్బకే లోపల రక్తం కారొచ్చని అప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

సుజాతకు నమ్మకం కుదరలేదు. కానీ పోచవ్వ అక్క సంచి తీసి తన చంకలో పెట్టుకుంది. దవాఖానకు పోతేనే ఇస్తానంది. అలా కోరుట్ల వెళ్లాల్సిన ఆటో జగిత్యాల వైపు తిరిగింది.

జగిత్యాలలో డాక్టరు నన్ను నడిపించి చూశాడు. అరికాలు మీద తాళంచెవితో గీశాడు. రక్తపరీక్షలు, సీటీ స్కాన్ రాశాడు. స్కాన్ గదిలో తల కదపొద్దన్నారు. అది గుండ్రంగా తిరుగుతుంటే నేను కళ్లు మూసుకుని, ఏమీ ఉండొద్దని మొక్కాను. వెంటనే, ఏమీ లేకపోతే ఇది ముసలితనమే అవుతుంది కదా, ఏదో ఒకటి ఉండాలి అని మొక్కాను. దేనికి మొక్కాలో తెలియని భయం అది.

గంటలో పిలిచారు. డాక్టరు ఫిల్మ్ వెలుగుకు పెట్టి చూపించాడు. మెదడుకు ఎడమవైపు నెలవంకలా ఒక నల్లటి తెర.

“క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటరమ్మా. పుర్రెకు, మెదడుకు నడుమ పాత రక్తం చేరింది. మెదడును పక్కకు నెడుతుంది. మిడ్‌లైన్ షిఫ్ట్ ఉంది. ఇయ్యాల్నే కరీంనగర్ పోవాలె. ఇంటికి పోయి రేపు పోతం అనొద్దు.”

సుజాత డిమెన్షియా అని చెప్పారే అని అడిగింది. ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. “డిమెన్షియా ఏండ్లు పట్టి మెల్లగొస్తది. ఇరవై రోజులల్ల మనిషి మారిందంటే ముందు స్కాన్ తియ్యాలె.”

కరీంనగర్ దాకా అంబులెన్స్. సుజాత, పోచవ్వ అక్క ఎదురుగా కూర్చున్నారు. పండుకున్నోడు లేవలే అన్న అక్క మాట చెవిలో తిరుగుతోంది. నిద్ర వస్తోంది, పడుకోవాలంటే భయం. అక్క చూసినట్టుంది. దారి పొడుగునా నా అరిచేతిలో గోరుతో గిచ్చుతూనే ఉంది.

అక్కడ దవాఖానలో చేర్చుకున్నారు. రక్తం పలచబడే గోలీ సంగతి విని న్యూరోసర్జన్ ముఖం మారింది. ప్లేట్‌లెట్స్ సిద్ధం చేయమన్నాడు. మర్నాడు పొద్దున ఆపరేషన్. బర్ హోల్ అన్నారు. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి ఆ రక్తం తీసేస్తారట. గుండె సంగతి ఉంది కాబట్టి పూర్తి మత్తు ఇవ్వకుండా, తల వరకే మొద్దుబరిచి చేస్తామన్నారు. కాగితం మీద సుజాత సంతకం పెట్టాలి. ప్రాణానికి ముప్పు, పక్షవాతం, ఫిట్స్ అని ఒక్కొక్కటి చదివి వినిపించారు. సుజాత పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఈసారి అబద్ధంగా ఊపలేదు.

నర్సు నా జుట్టు తీసేసింది. అరవై ఎనిమిదేళ్లకు కూడా నా జడ నడుం దాకా ఉండేది. అది కవర్లో పెట్టి సుజాతకు ఇచ్చారు.

ఆపరేషన్ టేబుల్ మీద ముఖానికి ఆకుపచ్చ గుడ్డ కప్పారు. సూదులు గుచ్చినప్పుడు మంట, తర్వాత ఏమీ తెలియలేదు. “అమ్మా, ఇప్పుడు సౌండ్ వస్తది. నొప్పి ఉండదు. కదలొద్దు,” అన్నాడు డాక్టరు. ఇరవై ఆరేళ్లు సాంచాల చప్పుడులో బతికినదాన్ని, చప్పుడుకు భయపడనని అనుకున్నాను. ఆ చప్పుడు చెవుల్లోంచి రాలేదు. పళ్లలోంచి, దవడలోంచి, నా ఎముకలోంచి వచ్చింది. ఆగి మళ్లీ వచ్చింది. ఎంతసేపో తెలియదు. కాసేపటికి మెడ వెనక వెచ్చగా ఏదో కారింది. “ఇంజన్ ఆయిల్ లెక్క ఉంది చూడు, పాతది,” అని ఎవరో అన్నారు. తలలో ఉన్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. దాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఇన్నాళ్లు తల మీద ఎవరో కూర్చుని, అప్పుడే లేచిపోయినట్టుంది.

సాయంత్రం డాక్టరు వచ్చి జేబులోది తీసి చూపించాడు. ఇదేంటమ్మా అన్నాడు. పెన్ను అన్నాను. చేతిది చూపించాడు. గడియారం. మీ ఆయన పేరు? చెప్పాను. మొదటిసారికే వచ్చింది. తలలోంచి వచ్చిన గొట్టం, పక్కన వేలాడుతున్న సంచిలో ఎర్రనీళ్లు, దేనికీ నాకు భయం వేయలేదు. ఆయన పేరు ఇంకో రెండుసార్లు చెప్పాను. డాక్టరు చాలమ్మా అన్నాడు.

రెండు రోజులకు గొట్టం తీశారు. ఆరో రోజు ఫిట్స్ రాకుండా గోలీలు రాసి ఇంటికి పంపారు. రక్తం పలచబడేది ఆపేశారు. నెల దాకా ఒంటరిగా ఉండొద్దన్నారు. దాంతో కోరుట్లకే వెళ్లాను. నా మంచం, వియ్యపురాలి మంచం ఎదురెదురుగా. సుజాత మా ఇద్దరి మధ్య తిరిగేది. ఒకరికి గంజి తాగించి లేచేలోపు ఇంకొకరికి మందు వేళయ్యేది. వియ్యపురాలు మాట్లాడలేదు గాని చూస్తుంది. ఆమె చూపు నా మీద ఉన్నంతసేపూ, ఈమె కూడా ఒకప్పుడు నాలాగే తప్పించుకుని తిరిగిందేమో అనిపించేది.

ఆపరేషనైన పదిహేడో రోజు మధ్యాహ్నం దాహమైంది. సుజాతను పిలిచి నీళ్లు అడగబోయాను. “నూలు” అన్నాను. ఇంకోసారి అని చూశాను. నూలు. మొదటిసారికంటే ఈసారే ఎక్కువ భయపడ్డాను, ఎందుకంటే మొదటిసారి ఏం జరుగుతోందో తెలియదు. ఇప్పుడు ఆ చప్పుడు తెలుసు, ఆ గుడ్డ తెలుసు. ఒక్క నిమిషం దాచేద్దామనిపించింది. నిద్రమబ్బులో తప్పు వచ్చిందని చెబితే సుజాత నమ్మేది.

చెయ్యి ఎత్తి తల చూపించాను. నూలు, నూలు అని అంటూనే తల చూపించాను. సుజాత చేతిలో బీడీ ఆకు పక్కన పడేసి లేచింది.

మళ్లీ సీటీ. మళ్లీ రక్తం చేరింది. రీకలెక్షన్ అన్నారు. కొందరికి ఇలా అవుతుందట. “ముందు చెప్పి మంచి పని చేసిండ్రు. ఇంకా షిఫ్ట్ ఎక్కువ లేదు,” అన్నాడు డాక్టరు. అవే రంధ్రాల్లోంచి మళ్లీ కడిగారు. ఈసారి చప్పుడు లేదు, కానీ ఎప్పుడు వస్తుందోనని టేబుల్ మీద ఉన్నంతసేపూ పళ్లు బిగబట్టుకుని ఉన్నాను. బయటికొచ్చాక దవడ రెండు రోజులు నొప్పి పెట్టింది. మూడోసారి వస్తే ఏం చేస్తారని అడిగాను. వస్తే చూద్దాం అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చలేదు. అంతకంటే నిజమైన జవాబు లేదని తర్వాత అర్థమైంది.

మూడోసారి రాలేదు. మూడు నెలల తర్వాత స్కాన్‌లో తెర పోయింది.

కాలనీకి తిరిగి వెళ్లడం అంత సులువు కాలేదు. నా గదికి తాళం వేసి ఉంచారు గాని, మేడం భయం మేడంకుంది. మళ్లీ అలా అయితే ఎవరు జవాబు చెప్పాలని అడిగింది. ఆమె అడిగింది తప్పు కాదు. డాక్టరు కాగితం రాసిచ్చాడు. మేడం ముందు కూర్చుని గడియారం బొమ్మ గీశాను, చూపించిన వస్తువుల పేర్లు చెప్పాను, వందలోంచి ఏడేసి తీసుకుంటూ పోయాను. రెండుచోట్ల తడబడ్డాను. ఆ తర్వాత, అడగకుండానే, సంతకం తప్పిన రోజు నుంచి ఏమేం దాచానో మొత్తం చెప్పాను. చెప్పులు, బెండకాయ, మా ఆయన పేరు, అన్నీ.

“మేం పంపిస్తమని భయపడి చెప్పలేదా అమ్మా?” అంది మేడం. అవునన్నాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ నెల మీటింగ్‌లో, ఎవరికైనా మతి తేడాగా అనిపిస్తే ఇంటికి పంపే మాట తర్వాత, ముందు స్కాన్ తీయించాలని నిర్ణయం రాశారు. చేరినప్పుడు సంతకం పెట్టే కాగితం మాత్రం మారలేదు. అది మారాలని నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఇది జరిగి రెండేళ్లు కావస్తోంది. ఇదంతా నా చేత్తోనే రాస్తున్నాను, రోజుకు కొంచెం కొంచెంగా. కుడిచేతి రెండు వేళ్లలో పట్టు పూర్తిగా రాలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతి నొక్కుతుంటాను. అలసిపోతే ఒక మాట ఎక్కడికో పోతుంది, కాసేపాగితే వస్తుంది. జుట్టు మెడ దాకా పెరిగింది. గుండె డాక్టరు, తల డాక్టరు మాట్లాడుకుని ఆ గోలీ సంగతి తేల్చారు. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి గోలీ వేసుకుంటుంటే, ఈ రాత చదివి ఆపేయొద్దు. అది డాక్టరే చెప్పాలి. భయం పోయిందా అంటే పోలేదు. పొద్దున తల కొంచెం బరువుగా ఉన్నా మా ఆయన పేరు చెప్పుకుని చూస్తాను. తేడా ఒక్కటే, ఇప్పుడు లేవగానే పక్క గది తలుపు కొట్టి చెప్పేస్తాను. పోచవ్వ అక్క చేతులు చాపమంటుంది. చాపుతాను. రెండూ నిలబడితే ఇద్దరం చాయ్‌కి వెళతాం.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. పెద్దవాళ్లు కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో మారిపోతే, మాట తప్పినా, కాలు ఈడ్చినా, ముసలితనమని వదిలేయకండి. గడిచిన రెండు మూడు నెలల్లో తలకు చిన్న దెబ్బయినా తగిలిందా అని పక్కవాళ్లను కూడా అడగండి, ఎందుకంటే తగిలినవాళ్లకే గుర్తుండదు. స్కాన్ తీయించండి.

పోయిన నెల మా చివరి గదిలో ఉండే రాజేశం బావ, బుగ్గారం ఆయన, దుబాయ్‌లో మేస్త్రీ పని చేసి వచ్చినవాడు, అటక మీది సంచి తీయబోయి తల కొట్టుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత తలనొప్పి అంటున్నాడని తెలిసింది. ఏమీ లేదు పొమ్మన్నాడు. నేనూ అక్కా వదల్లేదు. జగిత్యాల తీసుకెళ్లి స్కాన్ తీయించాం. అందులో ఏమీ లేదు. పొద్దంతా పాడైందని, పప్పన్నం చల్లారిపోయిందని, ఆడవాళ్ల మాట విని బుద్ధి తక్కువ పని చేశానని, ఆటోలో వచ్చినంతసేపూ ఆయన మమ్మల్ని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి తిట్టాడు. నేను పక్కన కూర్చుని ఆ తిట్లు ఒక్కొక్కటీ జాగ్రత్తగా విన్నాను. ఎక్కడా ఒక్క మాట తప్పలేదు.